బొమ్మ గీసేది సర్వర్, కుదిర్చేది కళ్లజోడు

ఒక ఇంజనీరు ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లజోడు పెట్టుకుని, ఖాళీ బల్ల మీద టర్బైన్ త్రీడీ నమూనాను చూస్తున్నారనుకుందాం. పక్కవాళ్లెవరో పిలిస్తే తల తిప్పారు. సెకనుకు 100 డిగ్రీలు, అంటే తల మామూలుగా తిరిగే వేగమే. దానికి తగ్గట్టు బొమ్మ సర్దుకోవడానికి 50 మిల్లీసెకన్లు పట్టిందంటే, ఆ లోపు అది 5 డిగ్రీలు పక్కకు జరిగిపోతుంది. రెండు మీటర్ల దూరంలో 5 డిగ్రీలంటే 17 సెంటీమీటర్లు! కళ్లను పూర్తిగా మూసేసే వర్చువల్ రియాలిటీలో లోకమంతా కలిసి ఆలస్యమవుతుంది. ఇక్కడ అలా కాదు. నిజమైన బల్ల ఉన్నచోటే ఉంటుంది, టర్బైన్ మాత్రం బల్ల దిగి గాల్లో తేలుతుంది.

దూరాన ఉన్న సర్వర్ బొమ్మ గీస్తే ఈ ఆలస్యం పెరుగుతుంది. మరి బొమ్మ గీసే లెక్కలన్నీ కళ్లజోడులోనే చేసేస్తే పోదా? బరువు, వేడి, బ్యాటరీ ఒప్పుకోవు. 2019లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 బరువు 566 గ్రాములు. అంత బరువు మోసినా, కోట్ల త్రిభుజాలతో తయారైన ఇంజనీరింగ్ నమూనాను యథాతథంగా చూపించే శక్తి దానికి లేదు. నమూనాను కుదించాలి. కుదిస్తే ముందు పోయేవి మరలు, బోల్టులు, సన్నని గొట్టాలు. మరమ్మతు నేర్చుకునేవాడు చూడాల్సినవి సరిగ్గా అవే.

అందుకే పని పంచుకోవడం. ఇది ఈ రంగం పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతే. 1968లో ఇవాన్ సదర్లాండ్ బృందం హార్వర్డ్‌లో తలకు పెట్టుకునే తెరను చేసినప్పుడు, తల మీద రెండు చిన్న పిక్చర్ ట్యూబులే ఉండేవి. పైకప్పు నుంచి వేలాడే లోహపు కడ్డీ తల ఎటు తిరిగిందో కొలిచేది. గీతల లెక్కలు మాత్రం విడిగా ఉన్న కంప్యూటర్ చేసేది.

ఇప్పుడు ఆ కంప్యూటర్ వందల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. కళ్లజోడు తన కెమెరాలతో, కదలికను పసిగట్టే సెన్సర్లతో తల ఎక్కడుందో, ఎటు చూస్తోందో లెక్కగడుతుంది. ఆ కాసిని అంకెలు సర్వర్‌కు వెళ్తాయి. సర్వర్ ఆ అంకెలు చెప్పే చోటు నుంచి చూసినట్టు బొమ్మ గీయదు. బొమ్మ తిరిగి చేరేసరికి తల ఎక్కడుంటుందో ఊహించి, అక్కడి నుంచి చూసినట్టు గీస్తుంది. రెండు కళ్లకూ రెండు చిత్రాలు, వాటితోపాటు ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పే లోతు వివరాలు. వీటిని వీడియోలా కుదించి పంపుతుంది.

ఊహ ఎప్పుడూ కొంత తప్పుతుంది. అసలు నైపుణ్యం కనిపించేది ఇక్కడే. చిత్రం తెర మీద వెలిగే ముందు, చివరి క్షణంలో కళ్లజోడు తల స్థానాన్ని మళ్లీ చూస్తుంది. వచ్చిన చిత్రాన్ని ఆ తేడా మేరకు జరిపి, వంచి, సరిచేస్తుంది. పూర్తిగా కొత్త బొమ్మ గీయడంతో పోలిస్తే ఇది చాలా తేలిక పని. పరిశోధకులు లెనార్డ్ మెక్‌మిలన్, గ్యారీ బిషప్ 1995లోనే ఈ దారి చూపించారు. 2013లో ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆలస్యాన్ని కప్పిపుచ్చే ఉపాయాల మీద రాసిన వ్యాసంతో ఇది వీడియో ఆటల పరిశ్రమలోనూ వ్యాపించింది. సర్వర్ బొమ్మ ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, ఈ చివరి దిద్దుబాటు మాత్రం తల మీదే జరగాలి. ఈ పద్ధతి విలువంతా ఆ ఒక్క నియమంలో ఉంది.

దీనికీ హద్దులున్నాయి. తల తిప్పితే సరిదిద్దడం సులువు. తల పక్కకు జరిపితే, అంతవరకూ ముందు వస్తువు దాచిన భాగం బయటపడుతుంది. ఆ భాగాన్ని సర్వర్ గీయనే లేదు గనక అక్కడ ఖాళీ మిగులుతుంది, దాన్ని చుట్టుపక్కల రంగులతో పూడ్చాలి. బొమ్మలోని వస్తువే వేగంగా కదిలితే లోతు వివరాలు కూడా ఆదుకోవు. చేతివేలిని వెంబడించే గుర్తులు, మెనూలు కళ్లజోడులోనే గీసి, సర్వర్ బొమ్మతో కలిపేది ఇందుకే. అయితే ఒక మంచి సంగతి కూడా ఉంది. ఈ ఏర్పాటులో బయటికి వెళ్లాల్సినవి తల స్థానం అంకెలే. గదిని చూస్తున్న కెమెరా దృశ్యం గది దాటనక్కర్లేదు.

దూరం మాటకొస్తే, గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ముంబై నేరుగా 1,100 కిలోమీటర్లు. రానూపోనూ ప్రయాణానికే 11 మిల్లీసెకన్లు, అదీ తీగ సూటిగా ఉంటే. గీయడం, కుదించడం, విప్పడం దీనికి అదనం. అందుకే కొందరు సర్వర్‌ను జేబులోకే తెచ్చారు. 2018 నాటి మ్యాజిక్ లీప్ వన్ కళ్లజోడుకు నడుముకు తగిలించుకునే కంప్యూటర్ ఉండేది. 2024లో మెటా చూపించిన ఒరాయన్ నమూనా కళ్లజోడు బరువు 100 గ్రాముల లోపే. భారీ లెక్కలు చేసే చిన్న డబ్బా దానితో తీగ లేకుండా మాట్లాడుతుంది.

సాంకేతికత కంటే పెద్ద చిక్కు ఇంకొకటి. మైక్రోసాఫ్ట్ 2024లో హోలోలెన్స్ 2 తయారీ ఆపేసింది. దూరం నుంచి బొమ్మలు గీసిపెట్టే అజూర్ రిమోట్ రెండరింగ్ సేవను 2025 సెప్టెంబరు 30న మూసేసింది. కళ్లజోడు చెక్కుచెదరకుండా ఉన్నా, దాని సగం పని చేసే సర్వర్ మాయమైతే పెద్ద నమూనాలు చూసే వీలు పోతుంది. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే త్రీజీపీపీ తన 18వ విడుదలలో ఈ పని పంపకానికి ఉమ్మడి నియమాలు చేర్చడం అందుకే ముఖ్యం. ఒకరి సర్వర్ మూతపడినా మరొకరి సర్వర్‌తో అదే కళ్లజోడు పనిచేసే అవకాశం అలాంటి నియమాలతోనే వస్తుంది.