మరచిపోయిన పేరు: 'కలకత్తా క్రోమోజోమ్' నవలపై ఒక విమర్శ

1. పరిచయం

ఆవిష్కరణల చరిత్రను మనం సాధారణంగా ఒక పేరు, ఒక తేదీ, ఒక ఊరు అనే మూడు అంశాలతో గుర్తుపెట్టుకుంటాం. మలేరియా వ్యాప్తికి దోమ కారణమని ఎలా తెలిసిందంటే రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20, సికింద్రాబాద్ అని జవాబు రాస్తాం. ఆ జవాబులో తప్పు లేదు. అయితే ఒక ఆవిష్కరణను ఒకే మనిషి పేరున నమోదు చేసినప్పుడు ఆ పనిలో పాలుపంచుకున్న మిగిలిన వారు ఏమవుతారు? అమితావ్ ఘోష్ 1995లో ప్రచురించిన ఆంగ్ల నవల 'ద కలకత్తా క్రోమోజోమ్' ఈ ప్రశ్న మీదే నిలబడింది. ఈ నవలను, రాస్ 1923లో ప్రచురించిన తన జ్ఞాపకాల గ్రంథాన్ని పక్కపక్కన పెట్టి చూడడం ఈ పాఠం ఉద్దేశం. నవల సరైన ప్రశ్ననే అడిగింది. దానికి ఇచ్చిన జవాబు ఎంతవరకు సరైనదో పరిశీలిద్దాం.

2. సికింద్రాబాద్‌లో జరిగినది

1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు. అది మనిషిలోకి ఎలా చేరుతుందో మాత్రం అప్పటికి తెలియదు. దోమకు ఇందులో పాత్ర ఉండవచ్చునని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. అయితే దోమ నీటిలో పడి చనిపోతుందని, ఆ నీటిని తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడైన రాస్ ఈ ఊహతోనే 1895లో సికింద్రాబాద్ దండు ప్రాంతానికి వచ్చాడు. చనిపోయిన దోమలున్న నీటిని లచ్‌మన్ అనే యువ డోలీబోయీ చేత తాగించి చూశాడు. ఆ ప్రయోగాలు ఆయనను సరైన దారిలో నడిపించలేదు.

అప్పటి ప్రయోగశాల అంటే బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో ఒక చిన్న గది. సూక్ష్మదర్శిని మరలు చెమట తగిలి తుప్పు పట్టాయి. కోసి పెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా వేయించుకోలేదు. ఆ ఉక్కలో రాస్ దోమలను ఒక్కొక్కటిగా కోసి, వాటి పొట్ట గోడలను కణం కణంగా వెదికాడు. రెండేళ్లపాటు ఫలితం రాలేదు. తాను వెదుకుతున్నది తప్పు జాతి దోమలలో అని ఆయనకు అప్పటికి తెలియదు.

1897 ఆగస్టు నడిమిలో రెక్కల మీద మచ్చలున్న దోమలు ఆయనకు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటి చేత కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా చెల్లించారు. రూపాయికి పదహారు అణాల కాలం అది. నాలుగు రోజుల తరువాత, ఆగస్టు 20న, ఆ దోమలలో ఒకదాని పొట్ట గోడలో నల్లని రంగు రేణువులున్న గుండ్రని కణాలు రాస్‌కు కనిపించాయి. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందనడానికి అదే తొలి ఆధారం. ఆ డిసెంబరులో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' ఈ ఫలితాన్ని ప్రచురించింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరి, కుట్టినప్పుడు మరో ప్రాణిలోకి వెళ్తుందని రాస్ నిరూపించాడు. మనుషుల విషయంలో ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు అదే సంవత్సరం ఈ పనిని పూర్తి చేశారు. 1902లో నోబెల్ బహుమతి మాత్రం రాస్ ఒక్కడికే దక్కింది.

ఈ జ్ఞానం ప్రయోగశాలలోనే ఆగిపోలేదు. ఫ్రెంచివారు 1880లలో పనామా కాలువ తవ్వకం మొదలుపెట్టి విఫలం కావడానికి పచ్చజ్వరం, మలేరియా కూడా ముఖ్య కారణాలు. దోమలు పుట్టే నీటి మడుగులను తొలగించే కార్యక్రమం వెంట నడిచినందువల్ల 1914లో అమెరికన్లు ఆ కాలువను తెరవగలిగారు. వలస సైన్యాలు, తోటలు, కాలువలు, రైలు మార్గాలు ఉష్ణమండలంలో స్థిరపడడానికి ఈ ఆవిష్కరణ తోడ్పడింది. మన ప్రాంతంలోని సామాన్యులకూ అదే ప్రాణరక్షణ మార్గమైంది. ఒకే ఆవిష్కరణ అటు పాలకులకు, ఇటు పాలితులకు కూడా ఉపయోగపడిందని విద్యార్థులు గమనించాలి.

3. నవల చెప్పే కథ

నవల న్యూయార్క్‌లో, రాబోయే కాలంలో మొదలవుతుంది. అంతార్ అనే ఉద్యోగి తన కంప్యూటర్ తెర మీద ఒక పాత గుర్తింపు కార్డును చూస్తాడు. అది 1995 ఆగస్టులో కలకత్తాలో అదృశ్యమైన మురుగన్‌ది. రాస్ జీవితం గురించి మురుగన్‌కు ఒక పిచ్చి పట్టుదల ఉండేది. అంత కొద్ది అనుభవమున్న వైద్యుడు అంత పెద్ద రహస్యాన్ని తనంతట తానుగా ఛేదించలేడని అతని వాదన. రాస్ చుట్టూ ఉన్న నౌకర్లే ఒక రహస్య బృందమని, అవసరమైన ఆధారాన్ని అవసరమైన సమయానికి ఆయన ముందు ఉంచినది వారేనని అతడు నమ్ముతాడు. ఆ బృందానికి నాయకురాలు కలకత్తా ప్రయోగశాలను ఊడ్చే మంగళ. ఆమెకు తోడు లచ్‌మన్.

ఈ బృందం మాటలకు బదులు మౌనాన్ని నమ్ముకుంటుంది. ఒక విషయాన్ని తెలుసుకోవడమంటేనే దాన్ని మార్చడమని భావిస్తుంది. అందుకే నవల దీన్ని శాస్త్రానికి ప్రతిగా నిలిచే మరో శాస్త్రంగా చూపుతుంది. వలస పాలనలో పేరు కూడా నమోదు కాని పనివారిని జ్ఞానానికి యజమానులుగా నిలబెట్టడం ఈ నవల సాధించిన గొప్ప విజయం. ఈ నవల చదివిన తరువాత ప్రయోగశాల ఫొటోలో అంచున నిలబడిన నౌకరును మనం మునుపటిలా దాటిపోలేం. 1997లో వైజ్ఞానిక కల్పనకు ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం దీనికి దక్కింది.

4. విమర్శ

అయితే రాస్ గ్రంథంలోని ఒక చిన్న సంగతి నవల ఇచ్చిన జవాబును ప్రశ్నార్థకం చేస్తుంది. 1897 ఆగస్టు 16 ఉదయం తాను ఆసుపత్రికి వెళ్లినప్పుడు గోడ మీద తోక పైకెత్తి కూర్చున్న ఒక చిన్న దోమను అక్కడి ఆసుపత్రి సహాయకుడు చూపించాడని రాస్ రాశాడు. ఆ వెంటనే, అతని పేరు మరచిపోయినందుకు విచారం కూడా తెలిపాడు. తల కిందికి, తోక పైకి ఉండే ఆ భంగిమ అనాఫిలిస్ దోమకు గుర్తు అని నేడు పాఠశాల పుస్తకాలు కూడా చెబుతాయి. దాన్ని గమనించిన కన్ను ఆ సహాయకుడిది. ఆవిష్కర్త చేతుల మీదుగా వెలువడిన గ్రంథమే ఆ సంగతిని ఒప్పుకుంటోంది. పోయింది పేరు మాత్రమే.

ఈ వాక్యాన్ని నవల పక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, మురుగన్ అనుమానానికి ఆధారం ఉంది. రాస్ ఒంటరిగా పనిచేయలేదు. దోమల పిల్లపురుగులను వెదికి తెచ్చినవారు, దోమను చూపినవాడు, చేయి చాచి కుట్టించుకున్న రోగి అందరూ ఆ గదిలో ఉన్నారు. రెండవది, వారి సహాయంలో రహస్యమేమీ లేదు. ఏ కుంటలో ఏ పురుగు ఉంటుందో, ఏ గోడ మీద ఏ దోమ ఎలా వాలుతుందో వారికి రోజువారీ చూపుతో తెలుసు. అది పనిలో నుంచి వచ్చిన జ్ఞానం.

నవల ఈ జ్ఞానాన్ని ఒక గూఢ శక్తిగా మార్చింది. దానివల్ల పనివారికి గౌరవం పెరిగినట్లు కనిపించినా, వారి అసలు పని మరోసారి మరుగున పడింది. లచ్‌మన్ కుట్రలో భాగస్వామి అయిన తరువాత, అతని చేత ఆ నీటిని తాగించడం న్యాయమేనా అన్న ప్రశ్న అడగడానికి చోటు ఉండదు. ఒక్కో కుట్టుకు ఒక అణా సరైన ప్రతిఫలమా, కాదనే స్వేచ్ఛ ఒక రోగికి దండు ఆసుపత్రిలో ఉందా అన్నవి కూడా అలాంటి ప్రశ్నలే. అన్నీ తెలిసి నడిపించేవారికి అన్యాయం జరిగే అవకాశం లేదు కదా! నిస్సహాయతను శక్తిగా చిత్రించడంలో ఉన్న ప్రమాదం ఇదే.

రాస్ కృషి విషయంలోనూ నవల కొంత తొందరపడింది. తప్పు దోమలను రెండేళ్లు కోసి, విఫలమై, మళ్లీ మొదలుపెట్టడం ఎవరో నడిపిస్తే జరిగే పని కాదు. రాస్ ఓపికను తగ్గించకుండానే సహాయకుడి చూపును పెంచవచ్చు. సూక్ష్మదర్శిని కింద కనిపించినదాన్ని గుర్తించడానికి ఒకరి శిక్షణ, ఆ గాజుపలక మీదికి సరైన దోమ చేరడానికి మరొకరి చూపు కావలసివచ్చాయి.

5. సారాంశం

బేగంపేటలోని ఆ భవనం నేడు సర్ రోనాల్డ్ రాస్ పేరును మోస్తోంది. ఆ గౌరవం సముచితమే. 'కలకత్తా క్రోమోజోమ్' ఆ పేరు వెనుక ఎవరున్నారని అడగడం నేర్పింది. కానీ జవాబును కల్పనలో వెదికింది. జవాబులో కొంత భాగం రాస్ గ్రంథంలోనే, విచారం తెలిపిన ఒక చిన్న వాక్యంలో ఉంది. ఆవిష్కరణల గురించి ఇకపై మీరు రాసే జవాబులో పేరు, తేదీ, ఊరితోపాటు నాలుగో అంశాన్ని కూడా చేర్చండి: ఆ గదిలో ఇంకా ఎవరున్నారు, వారు ఏ పని చేశారు? పేరు దొరకకపోయినా పనిని రాయండి.

నమూనా ప్రశ్నలు

1. దోమ ద్వారా మలేరియా వ్యాపిస్తుందన్న నిర్ధారణకు దారితీసిన దశలను వివరించండి.
2. 'కలకత్తా క్రోమోజోమ్' నవల పనివారి జ్ఞానాన్ని చిత్రించిన తీరును సమీక్షించండి. పాఠంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?
3. మీ ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన ఒక యంత్రాన్ని ఎంచుకొని, దాని చరిత్రలో పేరు నమోదు కాని పనివారి పాత్రను గురించి ఒక పుటలో రాయండి.