గనిలోని సమ్మె, ఇంటిలోని సమ్మె

ఇటీవల పూతలపట్టులో మా యింట నందఱమును గూర్చుండి, జాన్ ఫోర్డు దర్శకత్వమున 1941లో వెలువడిన ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’ యను హాలీవుడ్ చిత్రమును జూచితిమి. వేల్సుసీమలో బొగ్గుగనిని నమ్ముకొని బ్రదుకు మోర్గను కుటుంబపు కథ యిది. నా లోయ యెంత పచ్చనిదో యని పేరుపెట్టి, బొమ్మను నలుపు తెలుపులలోనే తీసిరి! అది వేఱుమాట.

ఇందు సమ్మె గనివాకిట గాక భోజనపు బల్లయొద్దనే పుట్టుచున్నది. కూలి తగ్గింపగా, సంఘము గావలెనని కుమారు లందురు. తండ్రి యజమానుని న్యాయబుద్ధిని నమ్మును. అనుమతి లేక మాటాడుట మర్యాద గాదని యెఱిగియు వారు మాటాడి, యిల్లు విడిచి పోవుదురు. కడగొట్టు బాలు డొక్కడే బల్లయొద్ద మిగులును. వాడు గిన్నెలు చప్పుడు చేయగా, నీ వున్నావని నాకు దెలియునని తండ్రి పలుకును. మాలో నెవ్వరును కొంతసేపు మాటాడలేదు. పెద్దలయెడ భక్తియు న్యాయమునందు పట్టుదలయు నొక్క హృదయముననే యెట్లు పెనగులాడునో యిం దున్నట్లు నే నెందును జూడలేదు.

తల్లి బెత్ మఱింత గొప్పది. తన భర్త సమ్మెకు విరోధియని జనులు కసిబూనగా, మంచు కురియు రాత్రి కొండమీది సభకు బోయి, ఆయనకు హానిచేసినవానిని నా చేతులతోనే చంపెదనని చెప్పి వచ్చును.

ఇక లోపము. 22 వారముల సమ్మెను పాదిరియు మోర్గనును గలసి తీర్చిరని యొక్క మాటతో దాటవేసిరి. యజమానుడు మన కంటబడునది తన కుమారునికై మోర్గను కూతు నడుగ వచ్చినప్పుడే. అదియు నవ్వులాటగా గడచిపోవును. చిన్ననాటి తలపోతలోని తీపి కూలి తగ్గించినవానిని గప్పివేసినది.

మనకు జేరువనే కోలారు బంగారుగను లున్నవి. మన చిత్తూరు పల్లెలనుండి యెందఱో యచ్చటికి బోయి పాటుపడిరి. వ్రేలిముద్ర లిచ్చుటకు నిరాకరించి 1930లో కార్మికులు సమ్మెకట్టిరి. 1946 నవంబరు 4వ తేదీని పోలీసు కాల్పులలో ఆరుగురు మడిసిరి. 2001లో గనులు మూతపడినవి. వీరిని గూర్చి మన పిల్ల లెఱిగిన దెల్ల 2018 నాటి ‘కె.జి.ఎఫ్.’ చిత్రమే. అందు కూలివాండ్రు మూగజనము, ఒక వీరునికై యెదురుచూచువారు. తమ వ్రేలిని తామే వెనుకకు దీసికొన్నవారి కిది న్యాయమా? బెత్ వంటి తల్లు లచ్చటను నుండియుందురు. ఆ యిండ్లలో భోజనవేళ తండ్రికిని కొడుకునకును నడచిన మాటలను జూపు చిత్రమును నే నింతవఱకు జూడలేదు.