మా ఊరొస్తే ఇంటికి రండి

విదేశీ అతిథి వస్తున్నాడంటే చాలు, మన పేపర్లు నిమిషాల లెక్కన కార్యక్రమం అచ్చేస్తాయి. ఈ వారం ఒకటి చూశాను. పదిన్నరకు మొక్క నాటడం, పావుతక్కువ పన్నెండుకి పిల్లలతో 'సరదాగా' ముచ్చట్లు. సరదాకీ టైమేనా! ఫొటో కోసం జరిగేది వార్త కాదన్న నా సణుగుడు మీకు కొత్తేమీ కాదు.

ఈ సణుగుడుకి నా ఆధారం 1961 నాటి కరాచీ కథ. ఆ మే నెలలో అమెరికా ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆసియా సద్భావన యాత్రకు బయల్దేరాడు. సైగాన్, మనీలా, ఢిల్లీ అన్నీ తిరిగి కరాచీ చేరాడు. ఎక్కడికెళ్లినా ఓట్ల ప్రచారంలో ఉన్నట్టే జనంలోకి దిగి చేతులు కలిపే మనిషి. కరాచీలో దారిపక్కన ఒంటెబండి తోలుకునే బషీర్ అహ్మద్ కనిపిస్తే, మీరూ ఓసారి అమెరికా రండి అనేశాడు. మనం 'మా ఊరొస్తే ఇంటికి రండి' అంటామే, అదే. అన్నవాళ్లు ఎదురుచూడరు, విన్నవాళ్లు రారు.

కానీ 'జంగ్' పత్రికలో కాలమ్ రాసే ఇబ్రహీం జలీస్ ఊరుకోలేదు. బషీర్ అమెరికా వెళ్తున్నాడు, న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియాలో దిగుతాడు అని రాసేశాడు. ఈ జలీస్ ఎవరో కాదు, మన హైదరాబాదు ఉర్దూ హాస్యరచయిత ముజ్తబా హుస్సేన్‌కి అన్నగారు. నా కాలమ్ చదివి ఇంతవరకూ ఏ ఉపాధ్యక్షుడూ ఎవరికీ టిక్కెట్టు కొనలేదు. అసూయ ఉండదూ?

ఇక జాన్సన్ వెనక్కి తగ్గితే పరువు దక్కదు. అక్టోబరులో బషీర్ న్యూయార్క్‌లో దిగేసరికి జాన్సనే విమానాశ్రయానికొచ్చాడు. టెక్సస్‌లో తన రాంచ్‌కి తీసుకెళ్లి విందిచ్చాడు. మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌నీ చూపించారు. చదువురాని బండివాణ్ణి విలేకరులు ఆటపట్టిస్తారని భయపడ్డవాళ్లున్నారు. తీరా చూస్తే బషీర్ హుందాతనానికి వాళ్లే పడిపోయారు.

చూశారా, ప్లానులో లేని మాటే గెలిచిందని ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. కుదర్లేదు. ఖర్చు 'పీపుల్ టు పీపుల్' అనే సంస్థ వాళ్లు పెట్టుకున్నారు. దుభాషి, విందు, తిరుగుదారిలో మక్కా యాత్ర ఏర్పాటు, ఇవన్నీ ఎవరో కూర్చుని గంటా నిమిషం వేసి రాసుకున్నవే. జాన్సన్ నోరుజారితే ఆ మాటను నిలబెట్టింది నేను వెక్కిరించే ఆ కార్యక్రమాల కాగితమే.

మరుసటి ఏడు మార్చిలో అమెరికా అధ్యక్షుడి భార్య జాక్విలిన్ కెనెడీ ఇండియా చూసుకుని పాకిస్థాన్ వెళ్లింది. కరాచీలో చెల్లెలు లీతో కలిసి బషీర్ ఒంటెనెక్కింది. అప్పటికి ఒంటె కూడా కార్యక్రమంలో చేరిపోయింది.