గోదానములోని ఋణము: ధర్మశాస్త్ర దృష్టి

సాహిత్యమున ఋణప్రసక్తి వచ్చినపుడు విమర్శకులు సాధారణముగా వడ్డీవ్యాపారి స్వభావమును వర్ణించి విరమింతురు. అతడు లోభి, ఋణగ్రస్తుడు అమాయకుడు అని తేలుటతో విచారణ ముగియును. ప్రేమ్‌చంద్ హిందీ నవల గోదానమును (1936) గూర్చిన విమర్శయు తరచుగా ఈ త్రోవనే నడచును. లోభమును నిందించుటకు విమర్శకుడు అక్కరలేదు. అసలెంత, వడ్డి ఎంత, తాకట్టు పెట్టిన వస్తువేది, దానిని అనుభవించువాడెవడు, విడిపించుకొను హక్కు ఎన్నడు పోవును అని అడిగిననే గాని ఆ నవలలోని అన్యాయము ఎంతటిదో తెలియదు.

ఈ ప్రశ్నలు తెలుగువారికి క్రొత్తవి కావు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయముగా తెనిగించినపుడే వ్యవహారకాండము మన పద్యములోనికి వచ్చినది. కేతనను ఆంధ్రభాషాభూషణకర్తగా, దశకుమారచరిత్రకర్తగా బోధించి, ఈ గ్రంథమును మాత్రము పేరు చెప్పి దాటుట మన తరగతులలో పరిపాటియైనది. ధర్మశాస్త్రము కావ్యవిమర్శకు పనికిరాదను భావమే దీనికి కారణమని మా ఊహ.

మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము ఆధి, అనగా తాకట్టు, ఉన్న అప్పునకు నెలసరి వడ్డి అసలులో 80వ వంతు. అనగా నూటికి రూపాయి పావలా. ఆధి లేనిచో వర్ణక్రమమున నూటికి 2 మొదలు 5 వరకు పెరుగును. శూద్రుడు అందరికంటె హెచ్చు వడ్డి కట్టవలెను. శాస్త్రమును పొగడబోవువారు దీనిని మరువరాదు. అయినను ఆ శాస్త్రమే ఒక హద్దును గీసినది. చెల్లింపక నిలిచిన వడ్డి ఎంత పెరిగినను, ధనవిషయమున అసలుతో కూడ రెండింతలు మించరాదు. ఈ ద్వైగుణ్యనియమమునే తరువాతి న్యాయస్థానములు దామ్‌దుపట్ అని వ్యవహరించినవి.

ఇప్పుడు గోదానములో దాతాదీనుని పద్దు చూడవలెను. హోరికి అతడిచ్చినది 30 రూపాయలు. అది మొదట నూరై, పిదప రెండు వందలైనది. పట్టణమునుండి వచ్చిన కుమారుడు గోబర్, నూటికి నెలకు రూపాయి చొప్పున లెక్కకట్టి 70 రూపాయలిత్తుననును. దాతాదీనుడు బ్రాహ్మణుని సొమ్ము హరించినవాడు బాగుపడడని బెదరించును. హోరి ధర్మభీతితో లొంగిపోవును. ఇచట తండ్రిది సనాతనధర్మమనియు, కుమారునిది ఆధునిక హేతువాదమనియు విభజించుట సులభము. మా దృష్టిలో ఆ విభజన సరికాదు. స్మృతి ప్రకారము 30 రూపాయలకు పరమావధి 60. నాస్తికునివలె కనబడు గోబర్ శాస్త్రము విధించినదానికంటె పది రూపాయలు హెచ్చుగా ఈయజూపినాడు. శాస్త్రము పేరు చెప్పి భయపెట్టినవాడే శాస్త్రమును అతిక్రమించినాడు.

అయితే దాతాదీనుని పక్షమున ఒక సమాధానము కలదు. అదియు మితాక్షరలోనే యున్నది. ఒకే ఋణప్రయోగమునకే ఈ హద్దు వర్తించును. క్రొత్తగా ఒప్పందము చేసికొన్నను, అప్పు మరియొకనిపైకి మారినను, వృద్ధి తిరిగి మొదలగును. ఈ వాకిలి ఎంత వెడల్పైనదో మన పల్లెలలో ప్రామిసరీ నోటు తిరుగవ్రాసిన ప్రతివానికి తెలియును. మూడేండ్ల గడువు ముగియకముందే వడ్డిని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయింతురు. హోరి అప్పు నడుమ నూరైన ఘట్టము ఇట్టిదేయని మేము తలంచుచున్నాము. బొంబాయి రాష్ట్రమున న్యాయస్థానములు ద్వైగుణ్యమును పాటించినవి. తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు రాష్ట్రమున పాటింపలేదు. 1938లో వచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమే, అసలునకు రెండింతలు చెల్లించిన రైతుయొక్క పాత అప్పు తీరినట్లే యని శాసించినది. నవల వెలువడి అప్పటికి రెండేండ్లు.

స్థిరాస్తి విషయము ఇంతకంటె సూక్ష్మము. ఆధి రెండు విధములు. దాచియుంచవలసినది గోప్యాధి, ఫలమును అనుభవింపదగినది భోగ్యాధి. ఋణము రెండింతలైనను విడిపింపనిచో గోప్యాధి నశించును. క్షేత్రాదికమైన భోగ్యాధి మాత్రము నశింపదు. పంట తినుచున్న ఋణదాతకు కాలము గడచుటచే నష్టములేదు గనుక, కాలమాత్రముచే అతనికి స్వామ్యమును ఈయరాదు. దీనినే మనవారు స్వాధీన తనఖా అనిరి. అట్టి తనఖాలో విడుదల హక్కునకు గడువు తనఖా తేదీనుండి లెక్కింపబడదని 2014లో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

హోరికి ఈ రక్షణ ఏల లభింపలేదు? ఝునియాకు ఆశ్రయమిచ్చినందులకు పంచాయతీ విధించిన జరిమానాకై అతడు తాకట్టు పెట్టినది పొలము గాదు, ఇల్లు. ఝింగురీసింగునకు 80 రూపాయలకు. ఇంటిలో కాపురముండుచునే ఇల్లు పరుల పాలుచేసిన స్థితి అది. పొలమో, అతనిది కాదు. అతడు జమీందారుకు శిస్తు కట్టు రైతు. మూడేండ్ల శిస్తు నిలిచి బేదఖలు దావా పడినపుడు, ఆధిచేయుటకు అతనియొద్ద ఏమియు మిగులలేదు. అపుడే దాతాదీనుడు రామ్‌సేవకుని సంబంధము తెచ్చును. వరుడు హోరికంటె కొలది యేండ్లే చిన్న. అతనియొద్ద రెండు వందలు పుచ్చుకొని హోరి చిన్న కూతురు రూపను ఇచ్చును. కన్యాశుల్కము చదివిన మనకు ఈ బేరము ఎరుకయే. కాని అగ్నిహోత్రావధానులను నడపినది ధనాశ, దావాల వ్యసనము. హోరిని నడపినది కాళ్లక్రింది నేల జారిపోవునను భయము. ఇరువురిని ఒకే గాటకట్టి ‘కన్యావిక్రయ ఖండనము’ అని వ్రాయుట విమర్శ కాజాలదు. భూమిని ఆధిచేయలేనివాడు కూతురిని ఆధిచేసెనని మేము చదువుచున్నాము. ఆ ఆధికి విడుదల లేదు.

నవల చివర ధనియా, భర్త చల్లని చేతిలో ఇరువది అణాలుంచి, అదియే అతని గోదానమని చెప్పును. ఎదుట నిలిచి దానిని పుచ్చుకొనవలసినవాడు దాతాదీనుడే. ఆ పేరును గమనింపక, ఈ పుటను కేవలము కరుణరసమునకు ఉదాహరణముగా చూపుట మాకు సమ్మతము కాదు.