బొక్క కోయని బైపాస్

ఈ వారం చౌరస్తాలో ఓ ఫ్లెక్సీ వెలిసింది. 'మచ్చ కనిపించని సరికొత్త బైపాస్' అని పెద్దక్షరాలు, పక్కన చొక్కా గుండీలు విప్పి నవ్వుతున్న కుర్రాడు. చూడగానే ఒళ్లు మండింది. బొగ్గు బాయి పనిచేసే ఊళ్లో గుండె ఆపరేషన్‌ను అందం పేరుతో అమ్ముతారా? తొట్లకు బొగ్గు నింపిన పాత కోల్‌ఫిల్లర్ల వీపుల మీద, మోకాళ్ల మీద బొగ్గుపొడి దిగి నల్లబడ్డ మచ్చలు ఎన్నో! వాటి పక్కన ఇంకో మచ్చకు ఎవరు జంకుతారు?

ఆ పద్ధతి సరికొత్తదీ కాదు. 1964లోనే లెనిన్‌గ్రాడ్‌లో కొలెసోవ్ అనే సర్జన్ ఎడమ పక్కటెముకల సందులోంచి వెళ్లి, కొట్టుకుంటున్న గుండె మీదే ఛాతీ ధమనిని కుట్టాడు. 1967లో క్లీవ్‌లాండ్‌లో ఫవలోరో కాలి సిరతో బైపాస్ చేశాక, ఛాతీ ఎముకను నిలువునా కోసే పద్ధతే లోకమంతా పాకింది. మన దేశంలో తొలి బైపాస్ 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు, అదీ పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో. కార్మికుల ఆసుపత్రుల్లో పెద్ద పనులు కావనే వాళ్లకు నేనెప్పుడూ ఇచ్చే జవాబు ఇదే.

మా క్వార్టర్ల వరుసలో, బాయిలో బొగ్గు తొట్లు తోసే ఓ ట్రామర్ మామ ఉండేవాడు. హైదరాబాద్‌కు రిఫర్ చేశారు, బైపాస్ బాగా జరిగింది. కష్టమంతా ఇంటికొచ్చాకే. రంపంతో కోసిన ఎముకను స్టీలు తీగలతో బిగించి పంపుతారు. అది అతికేదాకా రెండు మూడు నెలలు బరువు ముట్టొద్దు, చేతులు ఊని మంచంలోంచి లేవొద్దు. దగ్గొద్దని మాత్రం ఎవరు చెప్పగలరు? ఏళ్ల తరబడి బొగ్గుదుమ్ము పీల్చిన ఛాతీ అది. పొద్దున్నే దగ్గు తెర మొదలయ్యేది. వస్తోందని తెలియగానే మామ దిండు లాక్కుని రెండు చేతులతో ఛాతీకి అదుముకునేవాడు. అత్త వెనకనుంచి వీపు పట్టుకునేది. తెర తగ్గాక కళ్లు తుడుచుకుని, "గుండె మంచిగనే ఉన్నది బిడ్డా, బొక్కనే అతుకుతలేదు" అనేవాడు. షుగరు కూడా ఉండటంతో గాయం మానడానికి మరీ ఆలస్యమైంది. మళ్లీ బాయి దిగలేదు.

మామ గుర్తొచ్చాక ఆ ఫ్లెక్సీ మీద కోపం నిలవలేదు. మచ్చ సంగతి పక్కన పెడితే, అందులో రాయని విషయం ఎముక.

చిన్నకోత బైపాస్‌లో ఎడమ రొమ్ము కింద రెండు మూడు అంగుళాలు కోసి, పక్కటెముకల మధ్యనుంచి లోపలికి వెళ్తారు. ఛాతీ ఎముక జోలికే పోరు. చూషణతో పట్టుకునే పరికరం గుండె మీద కుట్టాల్సిన చోటును మాత్రం కదలకుండా ఆపుతుంది, మిగతా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల నాళానికి వెంట్రుక కన్నా సన్నని దారంతో ఛాతీ ధమనిని కుడతారు. ఆ అతుకు పదేళ్లకు కూడా నూటికి తొంభై మందిలో తెరిచే ఉంటుంది. కాలి సిరలు అప్పటికి సగం దాకా మూసుకుపోతాయి. కోత ఎంతైనా, ప్రాణం ఆ అతుకులోనే ఉంది. ఎముక తెగలేదు కాబట్టి బరువెత్తే మనిషి త్వరగా కోలుకుంటాడు, షుగరున్నవాళ్లకు ఆ ఎముకకు చీము పట్టే భయం ఉండదు. ట్రామర్‌కు ఇది అందం కాదు, కూడు.

అయితే ఇది అందరికీ కుదరదు. గుండె ముందువైపు నాళానికి బాగా అనువైంది. వెనకవైపు కూడా బ్లాకులుంటే చిన్నకోతలోంచి చేయడానికి ప్రత్యేకమైన నైపుణ్యం కావాలి, లేదా వాటికి స్టెంట్లు వేయాలి. మొదటి రోజుల్లో పక్కటెముకల నొప్పి ఎక్కువే. మనవాళ్లకు అసలు చిక్కు ఇంకోటి: ఆపరేషన్ చేస్తున్నంతసేపూ ఎడమ ఊపిరితిత్తిని ముడిచి ఒక్కదానితోనే శ్వాస నడిపిస్తారు. బొగ్గు పట్టిన ఊపిరితిత్తి దానికి తట్టుకోవాలి కదా.

ఆ సంగతి ముందే తేల్చే కాగితాలు మన దగ్గరే ఉన్నాయి. గని నిబంధనల ప్రకారం కార్మికులకు ఎప్పటికప్పుడు జరిగే వైద్య పరీక్ష, పీఎంఈలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తారు. ఏరియా ఆసుపత్రి రిఫరల్ రాసినప్పుడు యాంజియోగ్రామ్‌తో పాటు ఆ పాత కాగితాలూ వెళ్లాలి. మనిషి చేసే పనేమిటో, ట్రామరో పంపు ఆపరేటరో, అదీ రాయాలి. ఇంటివాళ్లు డాక్టరును నదురు లేకుండా అడగాలి: "బొక్క కోయకుంట అయితదా సారూ? మా ఆయన ఊపిరి తట్టుకుంటదా దానికి?"