రాజు నీళ్లు తాగిన చోట

1707 ఏప్రిల్‌లో రోమ్ నగరంలో ‘దీక్సిత్ దోమినుస్’ రాయడం పూర్తిచేసే నాటికి స్వరకర్త హాండెల్‌కు 22 ఏళ్లు. పుట్టింది జర్మనీలోని హాలెలో, లూథరన్ ఇంట్లో. పోపు ఏలుబడిలోని రోమ్‌లో అప్పట్లో ఒపేరాలు ఆడనిచ్చేవారు కాదు. కార్డినళ్లు మాత్రం ఆ కుర్రాణ్ణి ఆదరించారు. ఒపేరాకు పోయాల్సిన ఆవేశమంతా ఈ లాటిన్ కీర్తనలో పోశాడనిపిస్తుంది నాకు.

అది మన బైబిల్లో 110వ కీర్తన. కాథలిక్కుల ఆదివారం సాయంకాల ప్రార్థనలో మొదట వచ్చేది ఇదే కాబట్టి మోంటెవెర్డీ, వివాల్డీ కూడా దీనికి సంగీతం కట్టారు. ఉన్నవి ఏడు వచనాలే. వాటి నిండా యుద్ధమే: కాళ్లకింద పీటలైన శత్రువులు, కుప్పలుగా శవాలు, పగిలిన తలలు. హాండెల్ దేన్నీ మెత్తబరచలేదు. బాకాలు లేవు, నగారాలు లేవు. తీగ వాద్యాలు, ఆర్గాన్, ఐదు భాగాల కోరస్, ఐదుగురు సోలో గాయకులు, అంతే. తలలు పగిలే చోట కోరస్ ఒకే మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి సుత్తిదెబ్బల్లా వేస్తుంది. బాస్ వరుసలో నిలబడి అది పాడుతుంటే పొట్ట కండరాలు నొప్పెడతాయి.

ఆ వెంటనే చివరి వచనం. దారిలో వాగు నీళ్లు తాగి రాజు తల ఎత్తుతాడు. మరో స్వరకర్త అయితే ఇక్కడ జయధ్వానం చేయించేవాడేమో. హాండెల్ వేగం తగ్గించేశాడు. హెచ్చు స్థాయిలో పాడే ఇద్దరు సోప్రానోలు. ఒకరు పట్టుకున్న స్వరానికి పక్క స్వరాన్నే రెండోవారు అందుకుంటారు. రెండూ ఒరుసుకుంటాయి, మొదటిది కిందికి దిగుతుంది, మళ్లీ ఒరుసుకుంటాయి. అడుగున మగ గొంతులైన టెనర్లు, బాస్‌లు ఒక్క గొంతుగా, కొద్ది స్వరాల మీదే జపంలా పలుకుతారు. అంత నరికినవాడికి దాహం వేస్తుందని, ఆ దాహంలో అలసటా బాధా ఉంటాయని 22 ఏళ్లకే ఎలా తెలిసిందో! నా దృష్టిలో ఈ రచనకు ప్రాణం ఈ కాసిని నిమిషాలే.

తర్వాత త్రిత్వ స్తుతి. మొదటి భాగంలో దీర్ఘ స్వరాల్లో వినిపించిన పాత ప్రార్థనా బాణీ మళ్లీ వస్తుంది. ఆపైన ఆమెన్ దాకా పరుగే.

పాడేవాళ్లకు పరుగు కంటే ఆ జపమే కష్టం. గొంతు తగ్గించాలి, అచ్చులన్నీ ఒక్కలా పలకాలి, పక్కవాడికంటే ఒక్క పిసరు కూడా పైకి వినబడకూడదు. కొన్ని ప్రదర్శనల్లో సోప్రానోల అందానికి దారివ్వాలని మగవాళ్లను వినీ వినబడకుండా అణిచేస్తారు. అది సరికాదని గట్టిగా నమ్ముతాను. నీళ్లు తాగే మాట సోప్రానోలది. తల ఎత్తే మాటను మగవాళ్ల చేతిలో పెట్టాడు హాండెల్. ఎంత మెల్లగా పాడినా అది హాలు చివరి వరుసకు మాట మాటగా అందాలి.