ధవళేశ్వరం దాటాక

నెలల తరబడి సాగే కాలినడక గురించి ఎవరినడిగినా మొదటి వారాల గురించే హెచ్చరిస్తారు. అరికాళ్లలో బొబ్బలు, భుజాల మీద సంచి పట్టీల ఒరుపు, కొత్తచోట పట్టని నిద్ర. ఇవన్నీ ఒంటి బాధలు. ఒళ్లు అలవాటు పడగానే పోతాయి. బాసర దగ్గర గోదావరిలో కాళ్లు తడుపుకుని బయల్దేరి, ఏటి వెంబడి యానాం దాకా నడిచిన మా నలుగురు మిత్రులకీ అసలు పరీక్ష చివరి వారాల్లో ఎదురైంది. అప్పటికి నడక ఆలోచించకుండానే సాగుతుంది. సంచిలో సగం సామాను దారిలో ఎవరో ఒకరికి ఇచ్చేసి ఉంటాం. కానీ మనసులు ఒక్కొక్కటే ఇల్లు చేరిపోతుంటాయి. ఒకరికి సెలవు అయిపోవస్తుంది. ఇంకొకరికి పిల్లాడి పరీక్షలు గుర్తొస్తాయి. మరొకరు ఉన్నట్టుండి అడుగు పెంచుతారు. కలిసి బయల్దేరడం చాలామందికి చేతనవుతుంది. కలిసి ముగించడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య.

మాకు ఆ విద్య ధవళేశ్వరంలో మొదలైంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన చోటు అది. అక్కణ్నుంచి దిగువకు గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది, తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చే నది చివరికొచ్చేసరికి ‘ఏ దారి?’ అని మమ్మల్ని అడిగినట్టయింది. మాలో ఒకడు వసిష్ఠ వెంట అంతర్వేది చేరి, నరసింహస్వామి సన్నిధిలో సంచి దించాలని బాసరలోనే అనుకున్నాడు. ఇంకొకడికి అప్పటికే మోకాలు వాచి ఉంది. గౌతమి ఎడమ గట్టు మీద ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎక్కడైనా బస్సో ఆటోనో దొరుకుతుంది. ఓట్లు వేసుకోలేదు. అంతర్వేది అన్నవాడే ఆ మోకాలు చూసి, “గౌతమే పోదాం రా” అన్నాడు.

చివరి వారాల్లో అందమైన దారి కంటే, ఎవరైనా సిగ్గుపడకుండా ఆగిపోగల దారి మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు బస్సెక్కవచ్చని తెలిశాక మోకాలు నొప్పి ఉన్న మిత్రుడు బస్సు మాటే ఎత్తలేదు. అతన్ని ముందు నడవమన్నాం. అతని అడుగే అందరి అడుగు. రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచేవాళ్లం, పన్నెండుకు దిగాం. అలా దిగడం వల్లే ఆలమూరు, కపిలేశ్వరపురం వైపు కొబ్బరితోటల్లో దింపు తీసేవాళ్లతో కూర్చుని మాట్లాడగలిగాం. లంకల్లోంచి కూరగాయలు తెచ్చే పడవలు ఏ వేళకు ఏ రేవులో ఆగుతాయో తెలిసింది.

ఫోన్ల విషయంలో కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటి కబుర్లు రాత్రి భోజనం అయ్యాకే. పగలు ఎవరికి ఫోను వచ్చినా గట్టు దిగి మాట్లాడి రావాలి. డబ్బు లెక్కలు ఊరు చేరాక కాకుండా కోటిపల్లిలోనే, ఇంకా కలిసి నడవాల్సిన రోజులు మిగిలి ఉండగానే తేల్చేశాం. విడిపోయే రోజున లెక్కలు చూసుకుంటే ఆ రోజు లెక్కలదే అవుతుంది. ఇది ఏ యాత్రకు వెళ్లేవారికైనా చెబుతాను.

ఆ కోటిపల్లి రేవులోనే, ముక్తేశ్వరం వెళ్లే పంటు కోసం జనం ఎదురుచూస్తున్న చోట, టీ కొట్టు పెద్దాయన అడిగాడు.

“ఎక్కణ్నుంచండీ రావడం?”

“బాసర నుంచండీ.”

“సరస్వతమ్మోరి బాసరే? నడిచే?”

“నడిచేనండీ.”

“ఆయ్. మరి సముద్రం దాకా పోతారా, యానాంలో ఆగిపోతారా?”

ఆ ప్రశ్నతో ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ ముగించాలన్నది మేం అప్పటిదాకా మాట్లాడుకోనేలేదు.

మన పెద్దవాళ్లు దీన్ని బాగా ఆలోచించారు. పుష్య అమావాస్యనాడు, అంటే చొల్లంగి అమావాస్యనాడు, కాకినాడ పక్కన చొల్లంగిలో మునిగి సప్తసాగర యాత్ర మొదలుపెట్టేవారు. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగి, మాఘ శుద్ధ ఏకాదశికి, భీష్మ ఏకాదశి అంటామే దానికి, అంతర్వేది చేరేవారు. నదికి ఒక్క ముగింపు లేదు కాబట్టి వాళ్లూ ముగింపును పదకొండు రోజుల పొడవునా పరిచారు. కాశీ నుంచి వచ్చినవారి పద్ధతీ అంతే. ఇంట్లో అడుగు పెట్టగానే యాత్ర అయిపోయినట్టు కాదు. గంగపూజ చేసి, నలుగురినీ పిలిచి సమారాధన పెట్టాకే అయినట్టు. వీపున సంచి వేసుకుని తిరిగే మా తరం మొదటిరోజు ఫొటోకి ఇచ్చిన శ్రద్ధ ఈ చివరి పనికి ఇవ్వడం లేదు.

ఏనుగుల వీరాస్వామయ్యని ఈ నడకలో తరచూ తలచుకున్నాం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసి, కలకత్తా, పూరీ జగన్నాథం మీదుగా తీరం వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట దాదాపు వందమంది. ఆయన రాతలో నాకు నచ్చేది ఒకటుంది. ఇల్లు దగ్గరపడుతోందని కలం తొందరపడదు. తిరుగు దారిలోనూ మజిలీ మజిలీకీ ఊరెలా ఉంది, ఏం దొరుకుతుంది అని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాస్తూనే ఉన్నాడు. అది చూసి మేమూ రాత్రిపూట వంతులవారీగా ఆ రోజు సంగతులు చదివి వినిపించుకున్నాం. ఏ ఊళ్లో నీళ్లు తాగాం, ఎవరి అరుగు మీద పడుకున్నాం, ఏ పేరు మరిచిపోకూడదు. నలుగురం ఒకే దారిన నడిచినా నాలుగు వేరు వేరు రోజులు వినబడేవి.

యానాంలో ఆగాం. సముద్రం ఇంకా కొన్ని మైళ్లుంది. భైరవపాలెం దాకా పడవలో పోదామని ఇద్దరు అన్నారు. కానీ గౌతమి నుంచి ఆత్రేయ చీలే ఆ ఒడ్డున కాసేపు కూర్చునేసరికి మాట సద్దుమణిగింది. పోటు వేళ నీళ్లు మేం వచ్చిన వైపుకే ఎగబాకుతున్నాయి. ఒకడు దోసిట తీసుకుని నోట్లో పోసుకుని “ఉప్పగా ఉంది రా” అన్నాడు. సముద్రమే ఇక్కడిదాకా వస్తోంది, ఇంకెక్కడికి వెళ్లాలి?

30 చదరపు కిలోమీటర్ల ఊరు యానాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. ఇక్కణ్నుంచే 1820ల చివర్లో తెలుగు కూలీలను రీయూనియన్ దీవి చెరకు తోటలకు ఓడెక్కించారు. దగ్గర్లోని కోరంగి రేవు నుంచి ఎన్నో కుటుంబాలు బర్మా వెళ్లాయి. అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడింది. 1839 తుఫాను ఆ రేవును ముంచేసింది. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు వేలాది తెలుగువాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇటు తిరిగొచ్చారు. దారిలోనే పోయినవారెందరో. వాళ్ల చివరి వారాలు ఎలా గడిచాయో ఆ ఒడ్డున కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. మాకు ఆగిపోయే వీలుంది, బస్సుంది, ఎదురుచూసే ఇల్లుంది. అది ఎంత పెద్ద భాగ్యమో ఆ నేల మీద నిలబడితేనే నాకు పూర్తిగా తెలిసింది.

వెంటనే బస్సెక్కకుండా యానాంలో కొన్నాళ్లు ఉండిపోయాం. మంగళవారం సంత చూశాం, మీసాల వెంకన్నకు దణ్ణం పెట్టుకున్నాం. మిగతా పొద్దంతా ఉత్తరాలకే పోయింది. బాసర నుంచి ఇక్కడిదాకా చోటిచ్చినవారికి, అన్నం పెట్టినవారికి, దారి చూపినవారికి, నోటుపుస్తకంలోని పేరు పేరునా కార్డులు రాశాం. వంతుల చదువులో వినబడిన పేర్లన్నీ అప్పుడు అక్కరకొచ్చాయి. సమారాధన అంతర్వేది వదులుకున్న మిత్రుడి ఇంట్లోనే. వచ్చే మాఘంలో ధవళేశ్వరం నుంచి వసిష్ఠ గట్టు మీద, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ఉండేలా నడుస్తున్నాం. ఈసారి ముందు నడిచేది అతనే.